అత్త రాళ్ళకు అభిషేకం

మా మేనత్త పోయిందన్న కబురు నాకు అరియాంకుప్పంలో, మైకు ముందు కూర్చుని ఉండగా వచ్చింది. ఫోను చేసింది ఆమె కొడుకు, మా బావ. "సామీ, అమ్మ పొయ్యింది. కాఫీ తాగి కుర్చీలో ఒరిగింది, అంతే. నువ్వు రా." నెల్లితోపులో వాళ్ళిల్లు చేరేసరికి ఆమెను పడుకోబెట్టి ఉన్నారు. చూపుడువేలి గోరు పక్కన తెల్ల పెయింటు చుక్క ఒకటి ఎండిపోయి ఉంది. ఎవరో దాన్ని గీకబోతే కసిరాను. ఆ పక్షంలో నేను చేసిన మంచిపని అదొక్కటే.

నేను ప్రవచనాలు చెప్పేవాణ్ణి. ఏ గురువు దగ్గరా కూర్చోలేదు. తట్టాంచావడిలో లేతు మిషను మీద పనిచేసే రోజుల్లో, అన్నం వేళ పురాణ గ్రంథం ముందేసుకుని నాకు నేనే నేర్చుకున్నాను. ఈ రోజుకీ అది సంచిలో లేకుండా గడప దాటను. అత్త చదువూ అలాంటిదే. కాలేజీలో జంతుశాస్త్రం ల్యాబులో సీసాలు కడిగే ఉద్యోగం. పాఠం జరుగుతుంటే వెనక నిలబడి, కడిగే సీసాలో ఉన్నది ఏమిటో ఒక్కొక్కటే తెలుసుకుంది. మాకందరికీ ఇంట్లో తెలుగే గానీ ఆమె బడిలో నేర్చింది అరవం, తెలుగు చదవడం రాదు. నేను రాసింది నేనే వినిపించేవాణ్ణి. "కాగితం మీద గూడా ఇంత అరుపు ఏందిరా?" అనేది. ఇది కూడా విని ఉంటే అదే అనేది.

ఆమెకు పిచ్చి సీ అర్చిన్ల మీద. సముద్రం అడుగున బతికే ప్రాణి అది, బంతిలాంటి పెంకు, ఒంటినిండా ముళ్ళు. ఇప్పటివి చేపల వలల్లో చిక్కుతాయి. కోట్ల ఏళ్ళ నాటివి రాయిగా మారి, మన ఊరికి పడమర బావులు తవ్వి పోసిన మట్టిలో దొరుకుతాయి. ఒకప్పుడు ఆ పొలాలన్నీ సముద్రమే. ఆదివారం టౌన్ బస్సెక్కి వెళ్ళేది. రాయి దొరికితే మట్టి తుడిచి నాలుకతో తడిపి చూసేది. తడిస్తే గీతలు తేలతాయట. నేను మొహం తిప్పుకునేవాణ్ణి. ఇంటికి తెచ్చి పళ్ళ బ్రష్షుతో కడిగి, ఒక మూల తెల్ల పెయింటు చుక్క పెట్టి, ఆరాక దానిమీద ఇంకుతో నంబరు రాసేది. ఆ నంబరు కింద నోటుపుస్తకంలో ఏ ఊరు, ఎవరి బావి, ఎన్ని అడుగుల లోతు.

"పేరు చదువుకున్నోళ్ళు మారస్తా ఉంటారు రా. ఊరు మారదు. యాడ దొరికిందో రాయకుంటే అది సుమ్మా రాయే, ఉత్త రాయి," అనేది.

ఇక నా పాపం. చాలా ఏళ్ళ కిందట ఒక భక్తురాలు అలాంటి రాయి తెచ్చి నా చేతిలో పెట్టింది. హృదయం ఆకారం, పైన అయిదు రేకులు చెక్కినట్టు. నాకు ఆవేశం వచ్చింది. "ఇది దేవలోకపు కమలం! సాలగ్రామానికి చెల్లెలు! ఇంట ఉంచి అభిషేకించండి, గ్రంథంలో ఉంది!" అని మైకు అదిరేలా చెప్పాను. సభ అయ్యాక అత్త వచ్చింది.

"ఏ గ్రంథంలో ఉందిరా అది?"

"భావం ఉంది అత్తా."

"భావమా! తిప్పు దాన్ని. ఇది నోరు. ఇదిగో, ఈ అంచున ఉండేది దాని ముడ్డి. నువ్వు బొట్టు యాడ పెట్టినావో చూసుకో."

నాకు రోత పుట్టింది. ఆమె వదల్లేదు. అక్కడే మెట్టు మీద కూర్చోబెట్టి పాఠం చెప్పింది. వీటిలో పాత తెగవాటికి నోరు కింద, మలద్వారం సరిగ్గా నెత్తిన. ఒళ్ళు ఎటు తిప్పినా ఒకటే. తరవాత కొన్ని ఇసుకలో దూరి బతకడం మొదలుపెట్టాక ఆ ద్వారం నెత్తి మీంచి వెనక్కి జారింది, ఒంటికి ముందూ వెనకా ఏర్పడ్డాయి. నా కమలం ఆ రెండో తెగది. రేకులు రేకులు కావు. ఊపిరి తీసుకునే మెత్తని కాళ్ళు బయటికి వచ్చే సన్నని రంధ్రాల వరసలు.

"నెత్తిన పెట్టుకున్నవి చచ్చిపోయాయా మరి?" అన్నాను, కోపంగా.

"యాడ? ఇంకా బతికే ఉండాయి, నీ మాదిరే," అని పకపకా నవ్వింది.

నేను ప్రళయం గురించి గొంతు చించుకుంటే ఆమె తన ప్రళయం చెప్పేది. అంతకుముందు వీటి పెంకుల్లో పలకల వరసలకు ఒక లెక్కంటూ లేదట, ఒక్కోదానికి ఒక్కో విధం. సముద్రంలో ప్రాణమన్నది దాదాపు తుడిచిపెట్టుకుపోయిన కాలం ఒకటి వచ్చింది. వీటిలో ఒకటి రెండు తెగలే గట్టెక్కాయి. వాటికి ఇరవై వరసలు. అందుకే ఇప్పుడు మన రేవులో వలకు చిక్కేదానికీ ఇరవయ్యే.

"ఆ తెగలే ఎందుకు మిగిలాయి అత్తా?"

"తెలీదు రా."

ఎంత శుభ్రమైన మాట! జీవితమంతా మైకు ముందు ఆ మాట నా నోట రాలేదు. నాకు అది చెవిన వేసింది ఆమె ఒక్కతే. "వాళ్ళకి చెప్పినావా, అది కమలం కాదని?" అని ఎప్పుడు కలిసినా అడిగేది. "చెప్తాను అత్తా" అనేవాణ్ణి. చెప్పలేదు. చెబితే సభ పలచబడుతుందని భయం. భయానికి నేను భక్తి అని పేరు పెట్టుకున్నాను.

ఆమె రాళ్ళ పెట్టెలు కాలేజీ మ్యూజియానికి చేరాలన్నది ఆఖరి కోరిక. పదహారో రోజు కర్మకు కాలేజీ మేడం ఒకామె వచ్చి తీసుకువెళ్తానంది. నోటుపుస్తకం బావ దగ్గర భద్రంగా ఉంది.

ఆ రోజు నేను వెళ్ళేసరికి వాకిట్లో నా సభవాళ్ళే, ఆడవాళ్ళు పదిమంది దాకా. ముఖాలు వెలిగిపోతున్నాయి. నేను చెప్పిన కమలాలు అత్త పెట్టెలనిండా ఉన్నాయని తెలిసి, తెల్లవారకముందే వచ్చి, బావ కర్మ పనుల్లో ఉండగా అన్నీ విప్పారట. దీపపు కుందులు తోమినట్టు చింతపండు పెట్టి ప్రతి రాయీ తోమారు. "ఎవురో సుణ్ణం పూసి అంకెలు గీకినారు సామీ, అపచారం గదా, అంతా తీసేసినాం!" అంది పెద్దావిడ. తోమినవాటికి నూనె రాసి, కుంకుమ పెట్టి, అరిటాకు మీద వరస పేర్చారు. రేకులు బాగా కనబడేవి మాత్రం ఏరి, నిమ్మకాయలు పిండిన బకెట్టులో పొద్దున్నుంచి నానబెట్టారు. బకెట్టులోంచి సన్నగా బుడగలు లేస్తున్నాయి.

"చూడు సామీ, ఊపిరి వదుల్తా ఉండాడు దేవుడు!"

పులుపు తగిలితే ఆ రాయి పొంగి కరిగిపోతుంది. అత్త చెప్పి ఉంది నాకు. వాళ్ళకు నేను చెప్పలేదు.

మేడం గుమ్మంలోనే ఆగిపోయింది. బావ ఇచ్చిన నోటుపుస్తకం తెరిచి, అరిటాకు వైపు చూసి, మూసింది. "పేర్లు నేను పెట్టగలను. ఊర్లు ఎట్లా పెట్టేది?" అంది మెల్లగా. ఒక్క రాయి మీదా చుక్క లేదు.

నాకు వాళ్ళ మీద అసహ్యం వేసింది. ఆ నూనె, ఆ కుంకుమ, ఆ మెరిసే కళ్ళు. నోరెత్తి తిట్టబోయాను. పెద్దావిడ అమాయకంగా, "నువ్వు చెప్పినట్టే చేసినాం గదా సామీ?" అంది. నా అసహ్యం తిరిగి నా మీదికే వచ్చింది.

సంచిలోంచి గ్రంథం తీసి నెత్తికి ఆనించుకున్నాను. "ఇందులో లేదు," అన్నాను. "ఏ పుటలోనూ లేదు. కమలం లేదు, చెల్లెలు లేదు. నేనే కల్పించినాను. మా అత్త నలభై ఏళ్ళ పనిని నా నోరు కడిగేసింది." గ్రంథం బావ చేతిలో పెట్టి బకెట్టులో చెయ్యి ముంచి ఒక రాయి పైకి తీశాను. బొటనవేలితో తడిమితే అయిదు రేకుల్లో మూడే తగిలాయి. మిగతా చోటు సబ్బుబిళ్ళలా నున్నగా ఉంది.

నా వేళ్ళ వెంట కారుతున్న ఆ తెల్లటి నీళ్ళ కింద, తీర్థం కోసం, ఎవరో దోసిలి పట్టారు.