కృష్ణకుమారి వాటర్ అకౌంట్

శ్యామ్‌సుందర్ తప్పుడు లెక్క రాయడు. అరిజోనాలోని చాండ్లర్‌లో తెలుగువాళ్లకి ఇరవై ఏళ్లుగా టాక్సులు ఫైల్ చేసిపెడుతున్నాడు. ఇంట్లో లేని ఆఫీస్ గదిని ఖర్చులో చూపించమన్నవాణ్ణి కాఫీ కూడా ఇవ్వకుండా పంపేసిన మనిషి. అలాంటివాడు ఒక్కచోట అబద్ధం రాశాడు.

ఇంటి ముందు గడ్డి పీకేసి, కంకర పోసి, నీళ్లు పెద్దగా అడగని మొక్కలు పెడితే, నీళ్లు ఆదా చేసినందుకు సిటీ రిబేట్ కింద కొంత సొమ్ము ఇస్తుంది. వాటర్ అకౌంట్ ఎవరి పేరున ఉంటే వాళ్లే అప్లై చేయాలి. అది భార్య కృష్ణకుమారి పేరున ఉంది. ఆమె పోయి అప్పటికి ఏడాదిన్నర. బ్యాంకులో పేరు మార్చాడు, కారుకి మార్చాడు, నీళ్ల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి రాలేదు. అప్లికేషన్‌లో ఆమె పేరే టైప్ చేసి, 'ఇవన్నీ నిజం' అన్న గడిలో టిక్ పెట్టాడు.

కంకర పోసిన వారానికి మొదలైంది. పొద్దున్నే తలుపు తీస్తే గుమ్మం ముందు తడి. చినుకు పడి నాలుగు నెలలు. స్ప్రింక్లర్ పైపుకి మూత బిగించేశారు. ఆ తడి మడుగులా లేదు. ఒక్క ఊపున విసిరినట్టు వంపు తిరిగి, చివరికి చుక్కలుగా విడిపోయి ఉంది. గరాజ్ పక్క కుళాయికి తగిలించిన స్టీలు చెంబు కూడా తడిసే ఉంది. బతికున్నన్నాళ్లూ కృష్ణకుమారి ఆ చెంబుతోనే కళ్లాపి చల్లేది.

మీటర్ వాడకం ఫోన్‌లో చూశాడు. రోజూ తెల్లవారుజామున ఐదుకీ ఆరుకీ మధ్య ఒక గ్యాలన్.

ఒకరోజు ఐదున్నరకే లేచి తలుపు దాకా వెళ్లాడు. అవతల చెంబులోకి నీళ్లు పడుతున్న చప్పుడు. గొళ్లెం మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు. తీయలేదు.

జనవరిలో సిటీ నుంచి టాక్సు ఫారం వచ్చింది. రిబేట్ సొమ్ము ఫెడరల్ లెక్కలో ఆదాయమే. దాన్ని కృష్ణకుమారి సంపాదించినట్టు, ఆమె సోషల్ సెక్యూరిటీ నంబర్‌తో సహా అచ్చయి ఉంది. వీకెండ్‌కి వచ్చిన కూతురు మేధ డైనింగ్ టేబుల్ మీద దాన్ని చూసింది.

"డాడీ, వాట్ ఈజ్ దిస్? మమ్మీకి ఇన్‌కమ్ వచ్చిందా?"

"అకౌంట్ ఆమెదే కదమ్మా."

"నువ్వు వాళ్లకి చెప్పలేదా? మమ్మీ లేదు అని?"

"చెప్తాలే."

"అవినాష్ అంకుల్ తన కుక్కని టాక్సుల్లో డిపెండెంట్‌గా పెట్టమంటే ఎంత అరిచావు డాడీ! నువ్వేమో ఇలా!"

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వు తగ్గాక గుమ్మం ముందు తడి సంగతి చెప్పి, అతనే అన్నాడు: "అకౌంట్ మూసేస్తే పొద్దున్న తడి కూడా ఆగిపోతుందేమోనే."

"అది లీక్ డాడీ."

"లీకయితే చెంబెందుకు తడుస్తుంది?"

మేధ కిటికీలోంచి కంకర వైపు చూసింది. "నాకూ మమ్మీ కావాలి," అంది. "కానీ మమ్మీతో అబద్ధం చెప్పించొద్దు."

సోమవారం సిటీ వెబ్‌సైట్‌లో డెత్ సర్టిఫికెట్ అప్‌లోడ్ చేశాడు. పాత అకౌంట్ శుక్రవారంతో మూసేస్తామనీ, ఫారం అతని పేరున మళ్లీ పంపుతామనీ ఫోన్లో చెప్పారు.

మధ్యలో మూడు రోజులూ తడి మామూలుగానే ఉంది. శుక్రవారం మాత్రం వంపు లేదు. గుమ్మం దగ్గర మొదలై, కంకర మీదుగా, రోడ్డు అంచు దాకా సన్నటి తడి బాట. నిండు చెంబు తొణుకుతూ ఎవరో నడిచివెళ్లినట్టుంది. తారు మీద ఇంకో రెండు చుక్కలు. ఆ తర్వాత అంతా పొడి. శ్యామ్‌సుందర్ దాన్ని తొక్కకుండా మెట్టు మీద కూర్చున్నాడు, ఎండొచ్చి చివరి చుక్క ఆరేదాకా.

ఆ ఏడు రిబేట్ మొత్తం తన ఆదాయంలోనే చూపించి పన్ను కట్టాడు. గుమ్మం ముందు మళ్లీ తడి కనపడలేదు. చెంబు కోసం కుళాయి దగ్గర, గరాజ్, వంటిల్లు, ఇల్లంతా వెతికాడు. అదీ లేదు.