హెడ్డింగులో పట్టని మాట

"ఇగ నాకు పేపరు సదవకు" అన్నాడు నాయిన.

చేతిలో ఉన్న పత్రికను మడిచి పక్కన పెట్టాను. అక్షరం రాని ఆయనకు రోజూ పొద్దున నేనే చదివి వినిపించేవాణ్ణి. కామాటిపురాలో మా ఒంటిగది ఖోలీలో ఆ చదువు ఆ రోజుతో ఆగిపోయింది.

నాయిన తాపీమేస్త్రీ. తూకం గుండు వేలాడదీసి చూడనిదే ఏ గోడనూ నిటారుగా ఉందని ఒప్పుకునేవాడు కాదు. నేను బొంబాయిలోనే అచ్చయ్యే ఒక చిన్న తెలుగు దినపత్రికలో ఉపసంపాదకుణ్ణి. ఎనభైల నడుమ ఒక సాయంత్రం నా బల్ల మీదకు ఒక ఇంగ్లీషు వార్త వచ్చింది. పొడవు, వెడల్పు, ఎత్తు, వాటితో పాటు కాలం మనకు తెలిసినవే. ఇవి కాక, కంటికి ఆననంత చిన్నగా చుట్టుకుపోయిన మరో ఆరు పరిమాణాలు విశ్వానికి ఉండవచ్చునని కొందరు శాస్త్రవేత్తలు అంటున్నారు. వార్తలో 'ఉండవచ్చు' అని జాగ్రత్తగానే రాశాను. హెడ్డింగు మాత్రం ఒక్క కాలమ్‌లో ఇమడలేదు. ఆ మాట తీసేశాను. 'విశ్వానికి పది పరిమాణాలు' అని అచ్చయింది.

మర్నాడు పనికి తొందరపడుతున్న నాయినకు హెడ్డింగు ఒక్కటే చదివి, పరిమాణమంటే కొలత అని చెప్పాను. పత్రికను చంకలో పెట్టుకుని, కూలీలు పని కోసం నిలబడే నాకాకు వెళ్లాడు.

"మేస్త్రీ, మన తాడుకు మూడు కొలతలే దొరుకుతయ్. తక్కినయి యాడ దాసిండ్రు, పక్కనున్న నాగ్‌పాడాలనా?" అని పాలమూరు కూలీలు నవ్వారట.

"నా కొడుకు రాసిండు. తప్పుండదు" అన్నాడట నాయిన. తన చేతి గోడకు తప్ప దేనికీ పూచీ పడని మనిషి, నా రాతకు పడ్డాడు.

నెల తిరగకముందే నాకాలో ఎవరో హిందీ పేపరు తెచ్చి, పరిమాణాలు పదకొండు అంటున్నారని చదివారట. "ఏం మేస్త్రీ, నీ కొడుకు కట్టిన గోడ అప్పుడే ఒక వరస పెరిగిందా?"

ఆ మర్నాడు నేను పత్రిక విప్పగానే నాయిన అడిగాడు: "ఎవరన్న కొలిచి చూసిండ్రా?"

"లేదు నాయినా. ఉండొచ్చు అన్నరు, అంతే."

"మరి గట్లనే ఎందుకు అచ్చెయ్యకపోతివి?"

"జాగ సాలలే."

నాయిన ఖోలీ అంతా ఒకసారి కలియజూశాడు. పదడుగుల గది. గోడవార చుట్టిపెట్టిన పక్కలు, అటక మీంచి వేలాడుతున్న తమ్ముడి కాళ్లు, స్టవ్ పక్కన ముడుచుకు కూర్చున్న అమ్మ.

"గింత జాగల ఏడుగురం సర్దుకుంటున్నం. ఒక్క మాటను సర్దలేకపోతివా?"

పేపరు చదవొద్దన్నది ఆ తర్వాతే.

సవరణ వేద్దామంటే మా సంపాదకుడు నవ్వాడు. "నక్షత్రాల నుంచి నోటీసేమన్నా వచ్చిందా?" సవరణ పడలేదు. నాయిన పక్క ఖోలీ అమ్మాయిచేత మరాఠీ పేపరు చదివించుకోవడం మొదలుపెట్టాడు. పోయేదాకా అదే విన్నాడు.

విశ్వానికి పరిమాణాలు పదో, పదకొండో, మనకు తెలిసిన నాలుగేనో ఇప్పటికీ తేలలేదు. ఎవరూ కొలిచి చూపలేదు.