బిస్కట్ల బట్టీలో ఎడారి

ఆరేళ్ళు కువైట్‌లో ఒకరింట్లో వంట చేసి, రెండు వేల మూడు ప్రాంతంలో అమలాపురం దగ్గర మా ఊరికి తిరిగొచ్చాను. అందరూ బంగారం తెచ్చుకుంటే నేను పాలిమర్ క్లే తెచ్చుకున్నాను. పేరుకి మట్టే గాని అది రంగుల ప్లాస్టిక్ ముద్ద. చపాతీ పిండిలా పిసికి, కావలసిన రూపం చేసి, ఓవెన్‌లో సన్నని సెగ మీద కాలిస్తే గట్టిపడుతుంది. ఆ ఇంటి అమ్మాయి నేర్పింది. నేర్పుతూ రెండు సంగతులు గట్టిగా చెప్పింది: తిండి కాల్చే చోట దీన్ని కాల్చకూడదు, మాడితే వచ్చే పొగ విషం.

నేను చేసేది ఒక్కటే, ఎడారి. మా కోనసీమలో ఎటు చూసినా కొబ్బరాకు కంటికి అడ్డం పడుతుంది. అక్కడ కారులో వెళ్తూ చూసిన ఇసుక దిబ్బలు, వాటి మీద గాలి గీసిన గీతలు నన్ను వదల్లేదు. అక్కడున్నన్నాళ్ళూ ఇల్లు కావాలని ఏడ్చినదాన్ని, ఇంటికొచ్చి ఎడారి కావాలన్నాను. నా బుద్ధే అంత. దువ్వెన పళ్ళతో గీతలు దించి పళ్ళెమంత ఎడారి చేశాను. కాల్చడానికి ఇంట్లో ఓవెన్ లేదు.

క్రిస్మస్ ముందు మేమంతా పిండి, నెయ్యి, పంచదార కలుపుకుని టౌన్లో బేకరీకి పట్టుకెళ్ళి బిస్కట్లు కాల్పించుకుంటాం. ఆ ఏడు మా ట్రేతో పాటు గుడ్డ కప్పిన ఎడారినీ పట్టుకెళ్ళాను.

"ఇవీ బిస్కట్లేనాండీ?" అని బేకరీ ఆయన అడిగారు.

"ఆయ్," అన్నాను. ప్లాస్టిక్ అంటే బట్టీలో పెట్టనివ్వరని తెలుసు.

పావుగంట కాకుండానే ఘాటు పొగ కమ్మింది. ఆయన దగ్గుతూ ట్రేలు బయటికి లాగారు. నా ఎడారి నల్లగా బుడగలెత్తింది. పంచదార మాడిందనుకున్నారాయన. ఆ వాయిలో మావి కాక ఇంకొక్క ట్రేనే ఉంది. అది మా ఊరివాళ్ళదే, మా చర్చికి వచ్చే ఒక పెద్దావిడది. తనవి మాడలేదని ఆవిడ సంతోషపడి, డబ్బాలో సర్దుకుంటూ ఐదేళ్ళ మనవరాలికి రెండిచ్చారు. పాప తింటోంది. నేను మా ట్రే ఎత్తుకుని బయటికి వచ్చేశాను.

ఇంటికొచ్చి మా బిస్కట్లు గోతిలో పోసి మట్టి కప్పాను. కప్పాక తట్టింది. మావాళ్ళు తినకూడదని పాతిపెట్టినదాన్ని, ఆ పాప తింటుంటే చూస్తూ ఊరుకున్నాను. చేతులు కూడా కడుక్కోకుండా ఆవిడింటికి పరిగెత్తాను.

పాప అరుగు మీద ఆడుకుంటోంది. ఆవిడకి అంతా చెప్పేశాను. తిడతారనుకున్నాను. ఆవిడ ముందు బిస్కట్ల డబ్బా తీసి బీరువాలో పెట్టి తాళం వేశారు. ఎప్పుడూ నన్ను నువ్వనే మనిషి, ఆవేళ మీరన్నారు.

"మీరెక్కడికీ కదలకండి. దీనికేవన్నా అయితే, ఏం తిందో డాక్టరు గారికి చెప్పాల్సింది మీరే."

కూర్చున్నాను. పాప దగ్గితే లేచి నిలబడేదాన్ని. దానికి ఎక్కిళ్ళు వచ్చాయి, తగ్గాయి. నాకు ప్రార్థన మాటలు కూడా గుర్తు రాలేదు. తర్వాత పాప చాప మీద నిద్రపోయింది. పొట్ట పైకీ కిందికీ ఆడుతోందా లేదా అని చూస్తూ కూర్చున్నాను. అంత భయం నేను పరాయి దేశంలో ఒంటరిగా దిగిన రోజు కూడా పడలేదు.

పొద్దు వాలేవేళకి పాప లేచి, ఆకలేస్తోందని అన్నం పెట్టించుకుని తిని, వీధిలోకి పరిగెత్తింది. నేను కళ్ళు తుడుచుకుని లేవబోయాను. ఆవిడ కూర్చోమన్నారు. బీరువా తాళం తీసి, డబ్బాలోంచి రెండు బిస్కట్లు పళ్ళెంలో పెట్టి, పక్కన మంచినీళ్ళ గ్లాసు కూడా పెట్టారు.

"తీసుకోండి. పాప రెండు తింది."

మా వైపు పళ్ళెంలో పెట్టింది కాదనకూడదు. రెండూ తిన్నాను. చివరి ముక్క మింగేదాకా ఆవిడ చూసి, పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు.