తెర వెనక తిన్న పూరీలు

పోయిన ఆదివారం మా మనవరాలు, దాని భర్త కలిసి నన్ను నాయుడుపేట హైవే మీద కొత్తగా పెట్టిన హోటలుకు తీసుకువెళ్లారు. ఏసీ చలికి కొంగు భుజాల చుట్టూ కప్పుకుని ఒక మూల కూర్చున్నాను. రొయ్యల వేపుడు వచ్చింది. ఆ అబ్బాయి ఏదో ఆఫీసు సంగతి చెబుతూ చెబుతూనే, తన ప్లేటులోంచి పెద్ద రొయ్యలు రెండు ఏరి మనవరాలి ప్లేటులో వేశాడు. హాలు నిండా జనం. ఎవరూ తలతిప్పి చూడలేదు. చూసినా అది ఎవరికీ వింత కాదు. నేనొక్కదాన్నే తినడం ఆపి చూశాను. "ఏం అవ్వా, కారంగా ఉందా?" అని మనవరాలు నీళ్లు అందించింది. అవునన్నాను. అబద్ధం ఆడటం నాకు కష్టమేమీ కాదు. దగ్గరుండి నేర్పిన మనిషితో నలభై ఏళ్లకు పైగా కాపురం చేశాను.

పంతొమ్మిది వందల యాభైలు ముగిసిపోతున్న రోజుల్లో నా పెళ్లి జరిగింది. మా పుట్టిల్లు ముత్తుకూరు దగ్గర. కాలవ చేపలు, రొయ్యపొట్టు, తాటిముంజలు, ఏది దొరికితే అది కడుపునిండా తిని పెరిగినదాన్ని. ఆయన నాయుడుపేటలో ఒక రైసుమిల్లులో గుమాస్తా. మెత్తటి మనిషి. వీధిలో కుక్క అడ్డంగా పడుకుని ఉంటే అదిలించకుండా చుట్టూ తిరిగి వచ్చే రకం. కొత్తలో అది దయ అనుకున్నాను. ఇంట్లో నాన్న లేని కొడుకు, భర్త లేని తల్లి, ఆ ఇద్దరి మధ్య నేను. అత్తగారు రాక్షసి అని చెప్పను. ఆమె నన్ను ఒక్కనాడు కొట్టలేదు, పుట్టింటివాళ్లను ఒక్క మాట అనలేదు. కాకపోతే అన్నం పెట్టలేదు. ముందు ఆయన తినాలి, తర్వాత ఆమె తినాలి. ఆమె తిని లేస్తూ అన్నం గిన్నె, కూర గిన్నె అలమారలో పెట్టి తాళం వేసేది. నాకు పళ్లెంలో తీసి ఉంచింది మాత్రం బయట ఉండేది. గిన్నె అడుగున పట్టిన అన్నం ఇంత, పైన పులుసు. చేపల పులుసే గానీ అందులో చేప ఉండేది కాదు. చేప ఈది వెళ్లిపోయిన నీళ్లు నాకు మిగిలేవి. "మా అత్త నాకు పెట్టింది ఇంతే. నేను బతకలా?" అనేది ఆమె, ఎవరూ అడగకుండానే.

ఆయనకు తెలియదా అంటే తెలుసు. నా పళ్లెం చూసేవాడు, చూసి చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లేవాడు.

మూడేళ్లయినా పిల్లలు కలగలేదు. అత్తగారే సూళ్లూరుపేటలో ఒక డాక్టరమ్మకు చూపించుకు రమ్మని పంపింది. ప్యాసింజరు బండిలో వెళ్లాం. డాక్టరమ్మ నా కళ్ల కింద రెప్పలు లాగి చూసి, గోళ్లు చూసి, చెయ్యి పట్టుకుని చూసి ఆయన్ను లోపలికి పిలిచింది. "ఏమయ్యా, మీ ఇంట్లో అన్నం వండరా?" అంది. "ఈ బిడ్డకు జబ్బేం లేదు. ఒంట్లో రక్తం లేదు. కడుపునిండా తిండి పెట్టు. మందు అదే." అంతే. చీటీ కూడా రాయలేదు.

ఆయన స్టేషను దాకా వచ్చినవాడు గిరుక్కున తిరిగి, బజారులో ఒక ఉడిపి హోటలుకు తీసుకుపోయాడు. మా వైపు ఇళ్లలో ఆడవాళ్లు హోటలు మెట్లు ఎక్కడం అప్పట్లో లేదు. గుమ్మం దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. లోపల ఒక మూలన చెక్కలు కొట్టి, పచ్చ తెర కట్టి, దానికి ఫ్యామిలీ రూము అని పేరు పెట్టారు. అందులో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడ మీద ఎవరో కొబ్బరినూనె తల ఆనించిన మరక. పూరీలు, ఉర్లగడ్డ కుర్మా వచ్చాయి. పూరీ పొంగు మీద వేలు పెడితే ఆవిరి తగిలింది. నాలుగు తిన్నాను. వడ్డించే ముసలాయన తెర కొంచెం తొలగించి, "ఇంకో రెండు తెమ్మంటారా అమ్మా?" అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. మూడేళ్లలో నన్ను ఇంకా కావాలా అని అడిగిన మొదటి మనిషి, ముక్కూమొహం తెలియని మనిషి. మా ఆయన మాత్రం కాఫీ ఒకటే తాగాడు. తెర ఎగరకుండా ఒక చేత్తో పట్టుకుని, కింద నుంచి కనబడే కాళ్లను చూస్తూ కూర్చున్నాడు. తెలిసినవాళ్ల చెప్పులేమోనని.

ఇంటికి వచ్చి తల్లితో, "ప్రతి నెలా తీసకరమ్మన్నాది డాక్టరమ్మ. శానా రోజులు పడతాది అంట" అన్నాడు.

ఆ విధంగా నా వైద్యం మొదలైంది. నెలకొకసారి సూళ్లూరుపేట. ఒక నెల ఉడిపి హోటల్లో పూరీలు, ఒక నెల స్టేషను వెనక ఒక అరవామె నడిపే భోజనాల ఇంట్లో అరిటాకు నిండా అన్నం. ఆమె అడగకుండానే మారు వడ్డించి, "తిను తంగచ్చీ, గాలికి ఎగిరిపోయేటట్టు ఉండావు" అనేది, సొంత చెల్లెలిని పిలిచినట్టు. దాచను, ఆ రోజుల్లో ఆ మనిషి మీద నాకు ప్రాణంగా ఉండేది. నాకోసం తల్లికి అబద్ధం చెబుతున్నాడు గదా అనుకునేదాన్ని. ఆ అబద్ధం ఎవరి నెత్తిన కూర్చుందో తెలియడానికి కొన్ని నెలలు పట్టింది. కోడలికి లోపం ఉందట, నెలనెలా వైద్యమట అని వీధంతా పాకింది. సీమంతాలకు పిలవడం మానేశారు. పక్కింటామె తన బిడ్డను నా ఒళ్లోంచి మెల్లగా తీసుకుంది. అత్తగారు పాపం నిజంగానే నమ్మి, ఎవరో చెప్పిన కషాయం తెల్లవారుజామున కాచి, దగ్గర నిలబడి తాగించేది. అన్నం పెట్టని చేత్తోనే. ఆఖరుకు ఆమె తమ్ముడు వచ్చి, తన కూతుర్ని రెండో పెళ్లికి ఇస్తానన్నాడు. ఆ మాట నేను వంటింట్లో ఉండగానే జరిగింది.

ఆ నెల హోటల్లో ఆకు ముందు కూర్చుని, "మీ అమ్మకు చెప్పు. నాకు జబ్బేం లేదని చెప్పు" అన్నాను.

"చెప్తాలే. ఇప్పుడు గాదు. అన్నం చల్లారిపోతాది, ముందు తిను" అన్నాడాయన.

తిన్నాను. అదే నా తప్పు.

తర్వాత నెల మేము ఉడిపి హోటల్లో ఉండగా తెర పక్కకు జరిగింది. ఎదురుగా ఆయన మేనమామ, కూతుర్ని ఇస్తానన్న ఆ మనిషే. ఉప్పు బేరానికి వచ్చాడట, ఖాళీ బల్ల వెతుక్కుంటున్నాడట. నా చేతిలో పూరీ, మా ఆయన చేతిలో తెర కొస. మేనమామ ఇద్దరినీ చూసి నవ్వాడు. "ఓహో, వైద్యం ఈడ జరుగుతుండాదా?" అన్నాడు. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నాకూ నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు.

ఆదివారం మేనమామ మా ఇంటికి వచ్చాడు. అత్తగారు చేపల పులుసు పొయ్యి మీది నుంచి దించి, కొడుకును పిలిచింది. "మీ మామ చెప్పేది నిజమేనా? డాక్టరమ్మ లేదు, గీక్టరమ్మ లేదు, హోటల్లో కూచోని తింటా ఉండారంటనే?"

నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఇప్పుడు చెబుతాడు, ఇక చెప్పక తప్పదు గదా అనుకున్నాను. లోపల ఎక్కడో సంతోషంగానే ఉంది.

"నేను గాదమ్మా," అన్నాడు ఆయన. "అదే. హోటలు కూడు కావాలని పోరు పెట్టింది. తట్టుకోలేక తీసకపొయ్యినా."

మేనమామ తలూపాడు. "ఆడదానికి నాలిక అంత పొడుగుంటే ఇల్లు నిలవదు అక్కా."

నేను ఆయన వైపు చూశాను. ఆయన చూడలేదు. ఆ హోటళ్లలో ఒక్క పూట, ఒక్క ముద్ద నేను అడిగి తినలేదు. ఆ సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరిలో ఒకరు ఇప్పుడే తెలియదనేశారు.

మగవాళ్లకు వడ్డించాను. అత్తగారు తన పళ్లెం పెట్టుకుంది. అప్పుడు నేనొక పళ్లెం తెచ్చి ఆమె పక్కన కూర్చున్నాను. గిన్నె దగ్గరికి లాక్కుని అన్నం పెట్టుకున్నాను. పులుసులో గరిటె పెట్టి నడిమి ముక్క వేసుకున్నాను.

"ఏందే ఇది?" అంది అత్తగారు.

"ఆకలి అత్తా. పెళ్లయిన కాడినుంచి ఆకలి. నాకు జబ్బు లేదు, రక్తం లేదు, కడుపునిండా అన్నం పెట్టమన్నాది డాక్టరమ్మ. మొదటి రోజే చెప్పింది. మీ కొడుకునే అడగండి."

ఆయన సగం అన్నంలో లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు. మేనమామ పులుసు జుర్రుకోవడం ఆపాడు. అత్తగారు తిడుతుందనుకున్నాను, పళ్లెం లాగేస్తుందనుకున్నాను. ఆమె గిన్నెను చేత్తో నా వైపు తోసింది.

"అన్నమే గదా, తిను," అంది. "దీనికి అంత దూరం పోవాలా? ఒక్క మాట నాతో అనుంటే నేనేమన్నా పులినా?"

ఆమె నిజంగా మొదటి రోజే అంత మెత్తగా ఒప్పుకునేదో కాదో నాకు తెలియదు. గయ్యిమని లేచేదేమో. ఓ వారం మాటలు మానేసేదేమో. అంతకు మించి ఏం జరిగేది? ఆ ఒక్క మాట అనలేక ఆయన నన్ను ఏడాదిన్నర పాటు రోగిష్టిదాన్ని చేశాడు. ఆ పూట కడుపునిండా తిన్నాను. ఆ తిండి నాకు రుచి తెలియలేదు. ఆమె మీదున్న కోపమంతా ఆ గిన్నెతోపాటు జరిగిపోయి ఆయన దగ్గర ఆగింది.

అలమారకు తాళం పడటం ఆగిపోయింది. రెండో పెళ్లి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఏడాది తిరగకముందే పెద్దమ్మాయి పుట్టింది, ఏ కషాయమూ లేకుండా. బాలింతనై ఉండగా అత్తగారే మునగాకు కూర కలిపి ముద్దలు పెట్టింది. తర్వాత కొన్నేళ్లకు మా ఊరి బస్టాండు దగ్గరే అద్దాలు, ఫ్యాన్లు ఉన్న హోటలు వచ్చింది. తెరలూ లేవు, చాటూ లేదు. "పోదామా ఒకసారి?" అన్నాడు ఆయన, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. "మీరు పొయ్యి రాండి" అన్నాను. ప్రతి ఏడూ అడిగేవాడు. ప్రతి ఏడూ అదే చెప్పేదాన్ని. అప్పుడప్పుడు ఆకులో కట్టించి తెచ్చేవాడు. విప్పి పిల్లలకు పెట్టేదాన్ని. దాని మీద మేము ఒక్కనాడూ పోట్లాడుకోలేదు. పోట్లాడుకుని ఉంటే బాగుండేదేమో.

ముసలితనంలో మనవళ్లను చుట్టూ కూర్చోబెట్టుకుని, "మీ అవ్వను నేను ఆ కాలంలోనే హోటళ్లకు తిప్పినాను, తెలుసునా?" అని గొప్పలు చెప్పేవాడు. పిల్లలు నా వైపు తిరిగి మురిసిపోయేవాళ్లు. నేను చిక్కుళ్లు ఒలుచుకునేదాన్ని. మంచం పట్టిన రోజుల్లో ఒక మధ్యాహ్నం, జావ తాగిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి, "ఆ పూరీలు బాగుండేవా లేదా? అది ఒక్కటి చెప్పు" అన్నాడు. ఆయనకు కావలసింది వేరే మాటని నాకు తెలుసు. "బాగుండేవి" అన్నాను. అది నిజమే. కోపం పోయిందన్న రెండో మాట చెప్పలేదు. ఇంకో నెలకు ఆయన పోయాడు.

కోపం పోవడానికి కాలం పడుతుందంటారు. ఆయన బతికిన కాలం దానికి చాలలేదు. నాకు ఇంకా కొంచెం మిగిలి ఉంది.