పెరుగన్నం పాప

మా అమ్మాయికి అప్పుడు ఐదేళ్లు. కాలిఫోర్నియా శాన్ రామన్‌లో మా ఇంట్లో అన్నం గిన్నె పక్కకి తోసేసి, ఏడుస్తూ "పెరుగన్నం నన్ను తినదు!" అంది. "నేను తినను" అనబోయి అలా అంది. నవ్వాపుకోలేక వీడియో తీసి, నెట్‌లో అందరికీ కనబడేలా పెట్టేశాను. వారం తిరక్కుండా మా చుట్టాలే కాదు, ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా దాన్ని చూసేశారు. ఎవరింటికి వెళ్లినా తను పెరుగన్నం పాపే. నేను తెగ మురిసిపోయేదాన్ని.

మిడిల్ స్కూల్లో తోటిపిల్లల కంట పడింది ఆ వీడియో. ఆ తర్వాత తను నలుగురిలో తెలుగు మాట్లాడటం మానేసింది. నేను ఫోన్ ఎత్తితే చాలు, మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. సిగ్గనుకున్నాను. ఒకసారి గట్టిగా అడిగితే, "అందరికీ ఆ పాపే తెలుసు మమ్మీ. నేను తెలీదు" అంది. ఆ మాట నాకప్పుడు బుర్రకెక్కలేదు.

తనకి పదహారేళ్లు నిండిన ఏడాది, మా పక్క ఊరు డబ్లిన్‌లో స్నేహితుల గృహప్రవేశానికి వెళ్లాం. భోజనాల దగ్గర ఒకావిడ తన ఫోన్ పైకెత్తి, "పెరుగన్నం పాపా! ఒక్కసారి ఆ డైలాగ్ చెప్పమ్మా, మా అమ్మకి పంపిస్తా" అంది. చుట్టూ అందరూ తిరిగి చూశారు. ఇక మా అమ్మాయి లేచి కారులోకి వెళ్లిపోతుందనుకున్నాను.

వెళ్లలేదు. ఆవిడ కళ్లలోకి చూసి నవ్వింది.

"చెప్పను ఆంటీ. అది నేను ఫైవ్ ఇయర్స్‌లో చెప్పాను. ఇప్పుడు వేరే స్టోరీ ఉంది. ఫోన్ లోపల పెట్టండి, చెప్తాను."

ఆవిడ ఫోన్ బ్యాగులో వేసుకుంది.

అప్పుడు మొదలుపెట్టింది. మొదటిసారి ఫ్రీవే మీద డ్రైవ్ చేసిన రోజు, పక్క సీట్లో వాళ్ల నాన్న, తన వైపు లేని బ్రేకుని కాలితో ఎలా తొక్కారో, ఏయే దేవుళ్లని పిలిచారో. విభక్తులన్నీ తారుమారు. "నాన్న భయం పడ్డాడు, నేను పడలేదు" అంది. గదంతా పగలబడి నవ్వింది. ఈసారి తను నవ్వించాలనుకున్న చోటే నవ్వారు. వాళ్ల నాన్నయితే కళ్లు తుడుచుకుంటున్నారు. అలవాటుగా నా చెయ్యి ఫోన్ మీదికి వెళ్లింది. వెనక్కి తీసుకున్నాను. ఆ పది నిమిషాలూ కళ్లతోనే చూశాను.

ఇంటికి రాగానే తనని పక్కన కూర్చోబెట్టుకుని ఆ వీడియో తీసేశాను. "ముందే అడగాల్సింది నిన్ను" అన్నాను. "వాళ్లందరి దగ్గరా ఇంకా ఉంటుందేమో."

"ఉండనీ మమ్మీ. ఇప్పుడు వాళ్లకి నేను కూడా తెలుసు."

ఆ వేసవిలో తెలుగు బడిలో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పడానికి తనే పేరు ఇచ్చింది. మొదటిరోజు దింపడానికి వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాను. ఒక బుడతడు ఏదో తప్పు పలికి నాలుక కరుచుకున్నాడు. "సూపర్! ఇంకా గట్టిగా చెప్పు," అంటోంది మా అమ్మాయి, తన అమెరికా యాసలో, వరండా దాకా వినబడేంత గొంతుతో.