చివరి పన్నెండు పేజీలు రాసిన మనిషి

వీరభద్రప్పగారు కన్నుమూశారన్న వార్త నాకు తెలిసేసరికి అంత్యక్రియలు కూడా ముగిసిపోయాయి. ఎమ్మిగనూరు బస్టాండులో టీ తాగుతుంటే పక్క బెంచీ మీద ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. "లైబ్రరీ వీరభద్రప్ప మంచోడప్పా. నిన్న సాయంత్రమే మట్టి చేసినారు" అన్నాడొకాయన. చేతిలోని గ్లాసు ఎక్కడ పెట్టానో గుర్తు లేదు. పద్దెనిమిదేళ్లపాటు ప్రతి ఆదివారం ఆయన ఎదుట కూర్చున్నవాణ్ణి. నా ఫోన్ నంబరు వాళ్లింటి గోడ మీది క్యాలెండరులో పెద్ద అంకెలతో రాసి ఉంది. ఊరంతటికీ కబురు వెళ్లింది, నాకు వెళ్లలేదు. అడగవలసినది అడిగి తీరాలనే వాళ్లింటికి నడిచాను.

నేను నోరు తెరవకముందే ఆయన భార్య పార్వతమ్మగారు అన్నారు: "నీకు చెప్పొద్దని ఆయనే అన్నాడప్పా. 'వాడు అక్కోళ్లతో ఉరుకుంద పోతాండాడు. నాకేమన్నా అయితే ఫోన్ చేయొద్దండి, ఆన్నించే ఎనక్కి తిరుక్కోనొస్తాడు. ఆ కార్యం కానీండి' అని ఆస్పత్రిలో మా అందరి దగ్గరా మాట తీసుకున్నాడు."

అడగాలనుకున్నది అడగలేకపోయాను. పోతూ పోతూ ఆయన అలా ఎందుకన్నారో ఊళ్లో ఆయనను ఎరిగినవారికి కూడా తెలియదు. తెలియాలని రాస్తున్నాను.

నేను ఆదోనిలో ఒక పత్తి వ్యాపారి దగ్గర గుమాస్తాగా పనిచేసి విరమించినవాణ్ణి. నన్ను ఎవరైనా చులకన చేస్తే మరిచిపోయే గుణం నాకు లేదు. అది తప్పని ఇప్పటికీ అనుకోను. మా ఊళ్లో ఒక పఠన మందిరంలో నేను చదువుతున్న పత్రికను ఒక ఉద్యోగి చేతిలోంచి లాక్కున్నాడు. ఆ మెట్లు మళ్లీ ఎక్కలేదు. చదువు మానలేక ఆదివారం ఆదివారం బస్సెక్కి ఎమ్మిగనూరు వెళ్లడం మొదలుపెట్టాను. అక్కడ నేతగాళ్ల వీధిలో ఒక చిన్న గ్రంథాలయానికి వీరభద్రప్పగారు గ్రంథపాలకులు.

మొదటి రోజే సలహాల రిజిస్టరు అడిగి, కిటికీ పక్క కుర్చీ ఊగుతోందని రాశాను. మరుసటి వారం కుర్చీ కాలికి చెక్కముక్క కొట్టి ఉంది. రిజిస్టరులో నా ఫిర్యాదు కింద "సరిచేశాను, కూర్చొని చూడండి" అని రాసి సంతకం పెట్టారు. నా జీవితంలో నేను రాసిన ఫిర్యాదులకు లెక్కలేదు. వాటికి జవాబు రాసిన మొదటి మనిషి ఆయనే. తరువాత ఫ్యాను చప్పుడు గురించి రాశాను, చెప్పుల గురించి రాశాను, గట్టిగా పైకి చదివే ఒక పెద్దమనిషి గురించి రాశాను. ఒక్కటీ జవాబు లేకుండా పోలేదు. పెద్దమనిషి సంగతికి మాత్రం "ఆయనకు చెవుడు. మీరే కొంచెం దూరం జరగండి" అని రాశారు.

ఆయనది నేత ఇల్లు. చినిగిన పుస్తకాలను బైండింగుకు బయటికి పంపేవారు కాదు. మగ్గానికి ఎక్కించే ముందు పడుగు నూలుకు పెట్టే గంజినే ఇంట్లో కాచి తెచ్చి, తెగిన నూలు పోగులతో కుట్టి, పాత చీరల అంచుగుడ్డ అట్టలకు అతికించేవారు. అక్కడి అలమర చూస్తే చీరల అంగడి చూసినట్లు ఉండేది. "పోగు తెగితే ముడేసి నేస్తాము గానీ, మగ్గం అమ్ముకుంటామా?" అనేవారు.

అలాంటి అంచుగుడ్డ అట్టతోనే ఒకరోజు ఒక పాత నవల నా ముందు పెట్టారు. దాని పేరు ఇక్కడ రాయను. రాస్తే ముగిసిన విచారణ మళ్లీ మొదలవుతుందని నా భయం. నవలలో ఒక రైతు ఉంటాడు. చెల్లెలి ఇంట పెళ్లిలో అవమానం జరిగిందని, మేనకోడలికని చేయించిన వెండి కడియాలు ఇవ్వకుండానే తిరిగి వస్తాడు. ఏళ్లు గడుస్తాయి. ఏటా ఒకసారి ఆ కడియాలను తీసి, తుడిచి, మళ్లీ పెట్టెలో పెడుతుంటాడు. అక్కడికి వచ్చేసరికి పుస్తకం మూసి చుట్టూ చూశాను, ఎవరైనా నన్ను గమనిస్తున్నారేమోనని.

ఎందుకంటే నా పెట్టెలో ఒక పట్టుచీర ఉండేది. తుగ్గలి దగ్గర పల్లెలో మా అక్క కూతురి పెళ్లికి కొన్నది. పెళ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి పీటల మీదికి తేవడం మేనమామ హక్కు. పెద్ద మేనమామను నేను. ఆ రోజు బస్సులో కండక్టరు మర్యాద లేకుండా మాట్లాడితే దారిలో దిగి, ఫిర్యాదు రాసిచ్చి, తరువాతి బస్సెక్కాను. నేను పందిట్లో అడుగుపెట్టేసరికి మా తమ్ముడు గంప మోస్తున్నాడు. నేను రాకముందే నా స్థానం వాడికిచ్చారు. అక్షింతలు కూడా వేయకుండా వెనుదిరిగాను. పదకొండేళ్లు అక్క గడప తొక్కలేదు. ఈ కథ వీరభద్రప్పగారికి చాలాసార్లు చెప్పాను. ఆయన ప్రతిసారీ మొదటిసారి విన్నట్లే విన్నారు.

నవలలో రైతు ఒక ఉదయం కడియాలు మూటగట్టుకుని చెల్లెలి ఊరికి బయలుదేరుతాడు. అంతే. చివరి పేజీలు ఊడిపోయి ఉన్నాయి. నాకు నిద్ర పట్టలేదు. వాడు వెళ్లాడా లేదా? రిజిస్టరులో రాశాను. మరుసటి వారం "వెతుకుతున్నాను" అని జవాబు. మళ్లీ రాశాను. నాలుగు నెలలు వారం తప్పకుండా రాశాను. చివరికి ఒక ఆదివారం, "దొరికినాయప్పా. చేత్తో ఎత్తి రాసి కుట్టినా" అన్నారు. ఆయన గుండ్రని అక్షరాలతో పన్నెండు పేజీలు. రైతు చెల్లెలి ఇంటికి వెళ్తాడు. ఆమె ఏడవదు, కాళ్లు కడుక్కోమని నీళ్లూ ఇవ్వదు. మిరపకాయలు ఆరబోస్తూ, "తొక్కొద్దు, చుట్టు తిరిగి రా" అంటుంది. అంతే కథ. ఆ వారమే నేను చీర తీసుకుని తుగ్గలి వైపు బస్సెక్కాను.

మా అక్క నవలలో చెల్లెలిలా ఊరుకోలేదు. "ఏమిరా, దావ తప్పినావా?" అంది. "ఆ పొద్దు నీ కోసరం పెండ్లిపీటల కాడ అందర్నీ నిలిపినా. ముహూర్తం మించిపోతాదని మీ బావోళ్లు నన్ను నానా మాటలన్నారు. అవి పడి నేను వాకిట్లో నిలబడుకోనుంటే, నువ్వొచ్చి మొగం తిప్పుకోని పోతివి. అవమానమంట, నీకు." చీర చేతికిచ్చాను. విప్పి చూసింది. మడతల దగ్గర పట్టు చిట్లిపోయింది. "దీన్నింకెవరు కట్టుకుంటార్రా" అంటూనే లోపలికి తీసుకుపోయి పెట్టుకుంది. ఆ రోజు అక్కడే భోంచేశాను.

రెండేళ్ల తరువాత ఆదోనిలో పాత పుస్తకాలు అమ్మే చోట అదే నవల పూర్తి ప్రతి కనిపించింది. చివరి పేజీలు అక్కడే నిలబడి చదివాను. అసలు నవలలో రైతు ఊరి పొలిమేర దాకా వెళ్లి, చెల్లెలి ఇంటి మీద లేచే పొగ చూసి, వెనుదిరుగుతాడు. నన్ను మోసగించారన్న కోపం ముంచుకొచ్చింది. ఆయనను ఒక్క మాట అడగలేదు. గ్రంథాలయ పుస్తకాన్ని గ్రంథపాలకుడే మార్చి రాశాడని పై అధికారులకు ఫిర్యాదు పంపాను.

నెల తరువాత ఆదివారం ఆయన ఒక కవరు నా ముందుంచారు. సంజాయిషీ కోరుతూ మెమో, దానికి జతగా నా ఫిర్యాదు నకలు.

"బాగా రాసినావప్పా" అన్నారు. "చదువుతాంటే నామీద నాకే కోపమొచ్చె. దీనికి జవాబియ్యాల. నాకీ భాష రాదు. నువ్వే రాసియ్యి."

"నా ఫిర్యాదుకు నేనే జవాబు రాయాల్నా?"

"ఈ చుట్టుపక్కల నీకంటే బాగా ఎవరు రాస్తారు?"

అబద్ధం ఎందుకు చెప్పారని అడిగాను. కాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు. "కర్నూలు పోతి, బళ్లారి పోతి. యాడా దొరకలే. నువ్వు జూస్తే వారం వారం రాస్తాంటివి. ఆ రాసినాయన ఎట్ల ముగించినాడో నాకు తెలీదప్పా. చదివేటోడు ఎవరో తెలుసు."

ఆ సంజాయిషీ నేనే రాశాను. చివరి పన్నెండు పేజీలు తానే రాసినవని ఒప్పుకుంటూ, ఆ సంగతి తెలిపే చీటీ పుస్తకంలో అతికిస్తానని, ఆ పేజీలు మాత్రం తీసివేయవద్దని మనవి చేస్తూ. మందలింపుతో పోయింది. ఉద్యోగ విరమణ సభలో ఎవరో ఆయన సర్వీసులో మచ్చ లేదన్నారు. ఉంది, ఒకటి, అది నా చేతిరాతలో ఉంది. ఆ మాట అన్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు. ఇతరులు నాకు చేసినవన్నీ గుర్తున్నాయి నాకు. నేను చేసినవాటిలో ఇది గుర్తుంది.

ఆయన మరణానికి ముందురోజు ఆస్పత్రికి వెళ్లాను. అప్పుడు కూడా ఫిర్యాదుతోనే. మరునాడు అక్క మనవడికి, అదే ఆ మేనకోడలికి లేక లేక పుట్టిన కొడుక్కి, ఉరుకుంద ఈరన్న గుడి దగ్గర పుట్టువెంట్రుకలు తీయిస్తున్నారు. బంధువులందరికీ వారం ముందే చెప్పి, నాకు ఆ పొద్దున ఫోన్ చేసింది. నేను పోనన్నాను. చేతికి సెలైను సూది ఉంది ఆయనకు. కళ్లు మూసుకునే మాట్లాడారు.

"అందరికీ ముందే చెప్పిందా?"

"చెప్పింది."

"నీకు ఆఖర్న చెప్పింది."

"అవును."

"చెప్పింది గదా."

కొంతసేపటికి మళ్లీ, "పో. ఈడ నాతో ఏమి పని నీకు" అన్నారు. అదే ఆయన నాతో అన్న చివరి మాట.

ఆయనవంటి చదువరిని మళ్లీ చూడబోను. పుస్తకాలు చదివినవారు ఎందరో ఉన్నారు. నా వంటి మొండివాడి రాతను ఓపికగా చివరిదాకా చదివి, కింద జవాబు రాసిన మనిషి ఒక్కరే, ఆయన వెళ్లిపోయారు. ఆయన పోయిన ఉదయం నేను ఉరుకుందలో ఉన్నాను. పిల్లవాణ్ణి ఒళ్లో పెట్టుకోవలసిన మేనమామ అక్క కొడుకు. వాడికి బెంగళూరులో సెలవు దొరకలేదు. "వాడు లేకుంటేనేమి, పిల్లోని తల్లికి మేనమామవు నువ్వుండావు గదా, కూచో" అని అక్క పిల్లవాణ్ణి నా ఒళ్లో పెట్టింది. వాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. మంగలి కత్తి తగలకుండా వాడి తలను రెండు చేతులతో పట్టుకుని కదలకుండా కూర్చున్నాను. ఆ చోటు నుంచి నన్ను లేపి పిలిపించుకునే హక్కు ఈ లోకంలో ఒక్క మనిషికే ఉండేది. ఆయన పిలిపించుకోలేదు.