నాగవ్వ చురక

నాగవ్వ చేతి చురకంటే హుస్నాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో పెద్ద పేరు. మోకాళ్లు పట్టేసినవాళ్లను బండ్లలో తెచ్చి ఆమె వాకిట్లో దించేవారు. ఆమె కొడవలి కొనను నిప్పుల్లో ఎర్రగా కాల్చి, మోకాలిచిప్పకు రెండు పక్కలా అంటించేది. కాలిన తోలు మంటలో కొన్నాళ్లు పాత నొప్పి గుర్తుకు రాదు కదా, అదే గుణమనుకుని దండం పెట్టి పోయేవారు. రజాకార్ల గడబిడలో మగడు పోయాడు, పిల్లలు లేరు. ఆ దండాల కోసమే ఆమె బతికిందన్నా తప్పులేదు.

యాభై దాటాక ఆమె మోకాళ్లే మొరాయించాయి. కూర్చుంటే లేవలేదు, లేస్తే నడవలేదు. మరి తన కొడవలి తనకు అంటించుకుందా? అంత వెర్రిది కాదు. చుట్టాల ఊరికని చెప్పి, కొంగు ముఖం మీదికి లాక్కుని, హుస్నాబాద్ సర్కారు దవాఖానకు పోయింది.

అక్కడి డాక్టరు జలాలుద్దీన్ మంచి ఓపిక ఉన్న మనిషి. మోకాలిని మెల్లగా వంచి, చాచి చూశాడు.

"కీలు అరిగింది మాయీ. అరిగింది మళ్ల రాదు. ఫికర్ చెయ్యకు, నొప్పి తగ్గించుకోవచ్చు. పండుకొని కాలు సక్కగ చాపి లేపుతుండు, తొడకు బలమొస్తది. వేడి ఉప్పు మూటతోని కాపడం వెట్టుకో. కింద కూసునుడు బంద్ జెయ్యి, ముక్కాలిపీట మీద కూసో. చురకలు మాత్రం పెట్టించుకోకు. తోలు కాలుతది, గంతే."

"సరే సారూ" అంది నాగవ్వ. చురకలు పెట్టేది తానేనని చెప్పలేదు.

తలుపు వేసుకుని, ఆయన చెప్పినట్టే చేసింది. కొన్ని నెలలకు కర్ర లేకుండా అంగడికి నడిచిపోయింది. ఊరంతా నోరు వెళ్లబెట్టింది. తన చురక తనే పెట్టుకుందట అని ఎవరో అన్నారు. ఆమె కాదనలేదు. దాంతో వాకిట్లో బండ్లు ఇంకా ఎక్కువయ్యాయి.

ఒకనాడు తమ్ముడి భార్య రాజక్క వచ్చింది. కాపురానికి వచ్చిన నాటి నుంచి నాగవ్వ మాట జవదాటని మనిషి. వాచిన మోకాళ్లతో అడుగు పడకపోతే, కోడలు బాలలక్ష్మి రెక్క పట్టుకుని తెచ్చింది.

"వదినె, నీ కాళ్లు మంచిగైనయి గద. నాకు గూడ గదే వెట్టు."

నాగవ్వకు మాట గొంతుదాకా వచ్చింది. కాలు చాపి లేపమని ఒక్క ముక్క చెబితే రాజక్క నడుస్తుంది. కానీ ఆ ముక్క ఊళ్లోకి పోతే, ఇన్నేళ్లూ తాను కాల్చినవాళ్లంతా వచ్చి నిలదీయరూ? రేపటి నుంచి దండం పెట్టేదెవరు? పాపిష్టిది, మాట మింగేసింది. కొడవలి నిప్పుల్లో పెట్టింది.

ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. గోచి చీర మోకాళ్ల పైకి జరిగింది. మొదటి మోకాలికి రెండు పక్కలా అంటించేసరికి రాజక్క పెట్టిన కేక వాడంతా వినబడింది. బాలలక్ష్మి తల తిప్పుకుని, అత్త కాళ్లు అదిమి పట్టుకుని ఏడుస్తోంది. మంటకు ముఖం పక్కకు తిప్పిన రాజక్కకు నాగవ్వ మోకాళ్లు కళ్లెదుటే కనబడ్డాయి. నున్నగా ఉన్నాయి. ఒక్క మచ్చ లేదు.

"వదినె... నీకు చురక మచ్చ లేదేంది?"

ఏడుపులో ఆ మాట బాలలక్ష్మికి వినబడలేదు. నాగవ్వకు వినబడింది. చీర కిందికి లాక్కుని, కొడవలి మళ్లీ నిప్పుల్లో పెట్టింది.

"మీ అత్త నోట్ల గుడ్డ వెట్టు బిడ్డా," అంది. "ఇంకో మోకాలున్నది."